ప్రాల్యక్ తీర్పు: ‘కుట్ర’ అంటే సరిపోతుందా?

బోస్నియా యుద్ధంలో అక్కడి క్రొయేషియన్ల సైన్యాన్ని నడిపిన జనరల్ స్లోబొదాన్ ప్రాల్యక్ గురించి రాసేటప్పుడు, హేగ్‌లోని యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పులోని ‘జాయింట్ క్రిమినల్ ఎంటర్‌ప్రైజ్’ను (ఉమ్మడి నేర పథకాన్ని) ‘కుట్ర’ అంటే చాలదా అని ఒక మిత్రులు అడిగారు. చాలదు, అలా రాస్తే ఆయనకు శిక్ష ఎందుకు పడిందో పాఠకుడికి తప్పుగా అందుతుంది.

2024లో భారతీయ న్యాయ సంహిత వచ్చేవరకు అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి 120-ఎ సెక్షన్‌లో నేరం చేయాలని ఒప్పందం చేసుకోవడమే కుట్ర, ఆ ఒప్పందమే ఒక నేరం. హేగ్‌లో ‘జాయింట్ క్రిమినల్ ఎంటర్‌ప్రైజ్’ ఏ నేరానికీ పేరు కాదు. ఒక లక్ష్యాన్ని పంచుకుని, దాని సాధనకు గణనీయంగా తోడ్పడినవారిని, ఇతరుల చేతుల మీదుగా జరిగిన నేరాలకు కూడా బాధ్యులను చేసే పద్ధతి అది. ఆ శిక్షాస్మృతిలో దీనికి కాస్త దగ్గరగా వచ్చేది 34వ సెక్షన్‌లోని ‘ఉమ్మడి ఉద్దేశం’.

ప్రాల్యక్ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. నాటక, సినీ దర్శకుడైన ఆయన యుద్ధకాలంలో క్రొయేషియా రక్షణశాఖ సహాయమంత్రిగా పనిచేసి, 1993 జూలై నుంచి నవంబర్ 9 వరకు బోస్నియాలోని క్రొయేషియన్ల సైన్యానికి అధిపతిగా ఉన్నారు. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌కూ బోస్నియాలో క్రొయేషియన్లు సొంతంగా ప్రకటించుకున్న హెర్సెగ్-బోస్నా నాయకత్వానికీ మధ్య వారధిగా నిలిచి, ఆ ప్రాంతం నుంచి ముస్లింలను వెళ్లగొట్టే పథకానికి తోడ్పడ్డారని న్యాయమూర్తులు తేల్చారు. ఇందులో చాటుమాటు పన్నాగం కన్నా అధికార హోదాలో చేసిన పనే ఎక్కువ.

ఆయన పదవి వదిలిన రోజే బోస్నియాలోని మోస్తార్ నగరంలో 1566 నాటి పాతవంతెన కూలింది. దాని కూల్చివేతకు సంబంధించిన దోషనిర్ధారణను అప్పీలులో కొట్టివేశారు, ఎందుకంటే అది సైనిక లక్ష్యమేనని ధర్మాసనం భావించింది. ఉమ్మడి పథకంలో భాగస్వామ్యం మాత్రం నిలిచింది, దాంతోపాటు 20 ఏళ్ల శిక్షా నిలిచింది. వంతెన కూల్చినందుకే శిక్ష పడిందని రాసేవారు ఇది గమనించాలి.

2017 నవంబర్ 29న శిక్ష ఖరారు కాగానే ఆయన నిలబడి, తాను యుద్ధ నేరస్థుణ్ణి కానని, తీర్పును తిరస్కరిస్తున్నానని చెప్పి, చిన్న సీసాలోని విషం తాగి, కొద్ది గంటల్లోనే మరణించారు. ఆ నిరాకరణను అర్థం చేసుకోవాలన్నా, దానికి తీర్పు ఇచ్చిన సమాధానాన్ని అర్థం చేసుకోవాలన్నా, స్వయంగా చేసిన నేరానికీ తోడ్పడిన నేరానికీ మధ్య గీత ఎక్కడుందో తెలియాలి. ‘కుట్రదారు’ అన్న మాట ఆ గీతను చెరిపేస్తుంది. అందుకే ‘ఉమ్మడి నేర పథకం’ అని, ఆయనను ‘పథకంలో భాగస్వామి’ అని రాయడమే సరైనదని నా అభిప్రాయం.