ఆమ్లంలో నిలకడగా ఉండవలసిన ఫెర్రస్ ఇనుము రియో టింటో నదిలో ఎలా ఎర్రబడుతోంది?

ప్రశ్న – ఇంటర్ కెమిస్ట్రీ అధ్యాపకురాలు, గుంటూరు

మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) ద్రావణం తయారు చేయించేటప్పుడు విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం తప్పక పోయిస్తాము. కిందటి వారం ఆమ్లం మరిచిన ఒక బ్యాచ్ వారి సీసాలో లేత ఆకుపచ్చ ద్రావణం పసుపు తిరిగి అడుగున తుప్పు రంగు మడ్డి కట్టింది. ఆమ్లం పోసినవి నేటికీ తేటగానే ఉన్నాయి. కానీ దక్షిణ స్పెయిన్‌లోని రియో టింటో సుమారు 100 కిలోమీటర్ల మేర పీహెచ్ 2.3 దరిదాపుల్లో పారుతూ కూడా ఫెర్రిక్ ఇనుముతో (ఫెర్రస్ ఇనుము ఇంకొక ఎలక్ట్రాను కోల్పోతే వచ్చే రూపం) ఎర్రగా ఉంటుంది. అంత ఆమ్లంలో ఫెర్రస్ ఇనుము మారకుండా ఉండాలి కదా?

జవాబు – మైక్రోబయాలజీ పరిశోధక విద్యార్థి, విజయవాడ

మేడమ్, మీ సీసాలో లేనిదీ ఆ నదిలో ఉన్నదీ ఆమ్లాన్ని ఇష్టపడే బాక్టీరియా. పీహెచ్ 3 కన్నా తగ్గితే ఆక్సిజన్ ఒక్కటే ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చడం ఎంతో నెమ్మదిగా సాగుతుంది. సూక్ష్మజీవులు ఆ వేగాన్ని పది లక్షల రెట్లకు పైగా పెంచుతాయని 1970లో సింగర్, స్టమ్ అనే శాస్త్రవేత్తలు చూపారు. రియో టింటోలో ఈ పని ముఖ్యంగా లెప్టోస్పిరిల్లం, అసిడిథయోబాసిల్లస్ చేస్తాయి. ఇవి ఇనుము నుంచి తీసుకునే ఎలక్ట్రానుతోనే బతుకుతాయి. ఒక్కొక్క ఎలక్ట్రానుకు దక్కే శక్తి బహు స్వల్పం కనుక, కాస్త పెరగడానికే ఎంతో ఇనుమును ఆక్సీకరించవలసి వస్తుంది. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, బయట అంత ఆమ్లం ఉన్నా కణం లోపలి ద్రవం తటస్థానికి దగ్గరగానే ఉంటుంది. ఇనుము బయటి పొర దగ్గరే ఆగిపోయి, ఎలక్ట్రాను మాత్రమే లోపలికి చేరుతుంది.

జవాబు – విశ్రాంత జియాలజిస్టు, గుంటూరు

ఇది సగం కథే. అలా పుట్టిన ఫెర్రిక్ ఇనుము మళ్లీ అక్కడి గనుల రాతిలోని పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మీద పడుతుంది: ఒక పైరైట్‌కు 14 ఫెర్రిక్ అయాన్లు ఖర్చయి, 15 ఫెర్రస్ అయాన్లు, 16 హైడ్రోజన్ అయాన్లు వెలువడతాయి. ఆ ఫెర్రస్‌ను బాక్టీరియా తిరిగి ఫెర్రిక్ చేస్తాయి కనుక గని పని ఆగిపోయాక కూడా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, రాతిలోని రాగి, జింకు, ఆర్సెనిక్ నీటిలోకి దిగుతూనే ఉంటాయి. ఆక్సిజన్ అందని చోట అసిడిఫిలియం వంటి బాక్టీరియా ఫెర్రిక్‌ను వెనక్కి ఫెర్రస్‌గా మారుస్తాయి. అడుగు బురదలో సల్ఫేటును క్షయకరించే బాక్టీరియా విడుదల చేసే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగినీ జింకునూ సల్ఫైడ్లుగా పట్టి కూర్చోబెడుతుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. అటువంటి నీటిలో మన పల్నాడు సున్నపురాయి వంటిది పోస్తే ఆమ్లం విరగదా?

జవాబు – విశ్రాంత జియాలజిస్టు, గుంటూరు

మొదట విరుగుతుంది, కానీ ఫెర్రిక్ ఇనుము హైడ్రాక్సైడుగా రాతి ముక్కల చుట్టూ పొర కట్టడంతో లోపలి రాయి నీటికి అందకుండా పోతుంది. అందుకే ఇనుము ఇంకా ఫెర్రస్‌గా ఉన్న గని నీటిని గాలి తగలకుండా భూమిలో కప్పిన సున్నపురాయి కాలువల గుండా పంపుతారు. ఆమ్లత తగ్గాక బయటి చెరువులో గాలి తగిలినప్పుడు ఇనుము అక్కడ మడ్డిగా దిగుతుంది. రియో టింటో నీటిలో ఇనుము అప్పటికే చాలావరకు ఫెర్రిక్‌గా మారి ఉంటుంది కనుక ఈ పద్ధతి అక్కడ నేరుగా పనికిరాదు.