డీఫాల్ట్ బ్రౌజర్ మార్చడానికి మిమ్మల్ని ఆపింది ఏది? మీ అనుభవాలు చెప్పండి

కాకినాడ కిరణ్
అందరికీ నమస్కారం. నాన్నగారి ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌కి ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పని చేయడం ఆగిపోయాక, ప్రకటనల మధ్య అసలు డౌన్‌లోడ్ బటన్ ఏదో తెలియక ఆయన నానా తిప్పలు పడుతున్నారు. అందుకని గత నెల ఫైర్‌ఫాక్స్ వేసి డీఫాల్ట్ చేశాను. మూడో రోజే ఫోన్. "ఒరేయ్, నా గూగుల్ ఏం చేశావురా?"

ఆయనకి బ్రౌజర్ అన్న మాటే లేదు. డెస్క్‌టాప్ మీద పైనుంచి రెండో బొమ్మ నొక్కుతారు, మధ్యలో వచ్చే గడిలో బ్యాంకు పేరు కొడతారు, మొదట వచ్చింది తెరుస్తారు. అక్కడ యూజర్ ఐడీ ముందే నిండి ఉండాలి. ఆ గడి ఖాళీగా కనిపించేసరికి ఎవరో అకౌంట్‌లో చొరబడ్డారని బెంబేలెత్తి, పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి బయల్దేరారు. గంటసేపు వీడియో కాల్‌లో కూర్చుని మళ్ళీ పాతదే పెట్టాను.

మీరు మారారా? మారకపోతే ఏది ఆపింది? ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి వాడేవాళ్ళు ఉన్నారా? పెద్దవాళ్ళకి మార్చాలంటే ఏది ముందు చేయాలి, ఏది తర్వాత?

నెట్‌సెంటర్ బాషా
తమ్ముడూ, నేను మారలేదు, నన్ను మార్చారు. ప్రొద్దుటూరులో నా షాపులో ఆరు సిస్టమ్‌లు, అన్నీ విండోస్ 7. 2023 మొదట్లో క్రోమ్ 109 దగ్గర ఆ విండోస్‌కి ఆపేశారు. కొత్త సిస్టమ్‌లు కొనే స్తోమత లేదు. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్‌కి (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) మాత్రం ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చాయి. దాంతో ఆరింటిలోనూ అదే వేశాను.

వచ్చే పిల్లలు ఒక్కరూ గొడవ చేయలేదు. హాల్ టికెట్ దిగిందా, ప్రింట్ వచ్చిందా, అంతే వాళ్ళకి కావలసింది. ఇబ్బంది పడింది నేనే. పదేళ్ళుగా కంట్రోల్ షిఫ్ట్ ఎన్ కొట్టి ప్రైవేట్ విండో తెరిచే చెయ్యి ఇది. ఇందులో షిఫ్ట్ పీ. కస్టమర్ పక్కన నిలబడి ఉండగా రోజుకి ఇరవైసార్లు తప్పు కొట్టేవాణ్ణి. అలవాటు తప్పడానికి రెండు నెలలు పట్టింది.

సుజాత_మియాపూర్
కిరణ్ గారూ, పాస్‌వర్డ్‌లు తీసుకెళ్ళకుండా బ్రౌజర్ మారిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. పది నిమిషాల పని. పాత బ్రౌజర్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే అన్నీ పట్టికలా ఉండే సీఎస్‌వీ ఫైల్ వస్తుంది. దాన్ని ఎక్సెల్‌లో తెరిచి, పనికిరాని పాత సైట్లు తీసేసి సేవ్ చేసి, కొత్త దాంట్లో ఇంపోర్ట్ చేయడమే. నేను మావారివీ, అత్తగారివీ, నావీ కలిపి ఒక్క ఆదివారం పొద్దున మార్చేశాను. ఇంత చిన్నపనికి జనం ఎందుకు జంకుతారో నాకు అర్థం కాదు.

సెక్యూరిటీ శ్రీధర్
సుజాత గారూ, ఆ ఫైల్ ఇప్పుడు ఎక్కడుంది?

సుజాత_మియాపూర్
డిలీట్ చేశాను. ఆమాత్రం తెలుసు.

సెక్యూరిటీ శ్రీధర్
రీసైకిల్ బిన్? మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్‌కి బ్యాకప్ అవుతోందా? పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా పని, ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఆడిట్ చేస్తాను. ఉద్యోగం మానేసినవాళ్ళ మెషిన్లలో ఎక్కువగా కనపడేది ఈ ఫైలే. సైటు పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, పక్కపక్క గళ్ళలో, తాళం లేకుండా. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ముగ్గురి పాస్‌వర్డ్‌లు ఒకే రోజు బయట పెట్టి "చిన్నపని" అని పదిమందికీ చెప్పడం తప్పు.

సుజాత_మియాపూర్
నేను సాయం చేద్దామని రాశాను, మీరు పోలీసు విచారణ మొదలుపెట్టారు. దారి అంత ప్రమాదమైతే బ్రౌజర్లవాళ్ళే దాన్ని ఎందుకు ఉంచారు? ఇంకో దారి ఏమిటో మీరు చెప్పలేదు.

వరంగల్ శ్రీను
అక్కా, నాకు గా ఎక్సెల్‌తోనే దెబ్బ తాకింది. నేను గూడ మీలెక్కనే తెరిచి, నాలుగు లైన్లు తీసేసి సేవ్ కొట్టిన. మా బాపు పింఛన్ లాగిన్ పాస్‌వర్డ్ మొత్తం అంకెలే, ముందట సున్నా ఉంటది. ఎక్సెల్ దాన్ని నంబర్ అనుకొని సున్నా తీసేసింది. కొత్త బ్రౌజర్ల అదే నిండుతుంది, నేను ఎంటర్ కొడుతున్న, తప్పు అంటుంది. మూడుసార్లు కొట్టేసరికి అకౌంట్ లాక్. లాక్ తీపిచ్చేందుకు బాపును ఎండల ఆఫీసుకు తోలుకపోయిన. ఆయన దారి పొడుగునా ఒక్క మాట గూడ మాట్లాడలే. గా రోజు నుంచి ఇంట్ల ఎవరి బ్రౌజర్ నేను ముట్టలే.

సెక్యూరిటీ శ్రీధర్
శ్రీను చెప్పింది అక్షరాలా నిజం. మొత్తం అంకెలైతే ముందున్న సున్నా పోతుంది, పదిహేను అంకెలు దాటితే మిగతావన్నీ సున్నాలైపోతాయి. సమాన గుర్తుతో మొదలైతే ఫార్ములా అనుకుంటుంది. ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో సేవ్ చేయకూడదు. అక్కర్లేనివి ఇంపోర్ట్ అయ్యాక కొత్త బ్రౌజర్‌లోనే తీసేసుకోవచ్చు. అసలు మొత్తం అంకెల పాస్‌వర్డ్ ఎందుకు పెట్టుకున్నారన్నది వేరే ప్రశ్న.

వరంగల్ శ్రీను
మా బాపు ఐదో తరగతి చదివిండు సార్. ఆయనకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. ఆయనకు యాదుండేది అంకెలే. గందుకే పెట్టుకున్నడు.

డల్లాస్ పద్మజ
మాది ఐఫోన్ ఇల్లు. 2020 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 14 వచ్చేదాకా డీఫాల్ట్ మార్చడానికే వీల్లేదు. ఇప్పుడు మార్చుకోవచ్చు, కానీ ఏ బ్రౌజర్ పెట్టినా లోపల పేజీలు చూపే ఇంజిన్ యాపిల్ వాళ్ళ వెబ్‌కిట్టే. ఐరోపా సమాఖ్యలో 2024లో ఐఓఎస్ 17.4 నుంచి వేరే ఇంజిన్‌కి అనుమతి ఇచ్చారు, మాకు అది లేదు. ఇంజిన్ అదే అయినప్పుడు మారి ఏం లాభమని నేను వదిలేశాను. పైగా సఫారీ డీఫాల్ట్‌గా ఉండటానికి గూగుల్ 2022 ఒక్క సంవత్సరంలోనే యాపిల్‌కి 20 బిలియన్ డాలర్లు ఇచ్చిందని కోర్టు కేసులో బయటపడింది. జనం మారరని వాళ్ళకి తెలుసు, అందుకే అంత పోశారు.

సెక్యూరిటీ శ్రీధర్
పద్మజ గారూ, ఆ డబ్బు బ్రౌజర్ కోసం కాదు. సఫారీలో గూగుల్ సెర్చ్ డీఫాల్ట్‌గా ఉండటానికి. రెండూ వేరు. ఆ కేసులో 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పు కూడా సెర్చ్ గుత్తాధిపత్యం గురించే.

డల్లాస్ పద్మజ
ఔను, సెర్చే. నేను తొందరలో రాశాను. కానీ డీఫాల్ట్‌ని ఎవరూ ముట్టుకోరన్న నా మాట మాత్రం నిలబడుతుంది.

పాతపేపర్ మూర్తి
మీరందరూ పాస్‌వర్డ్‌ల దగ్గరే ఆగిపోయారు. మా తరాన్ని బ్రౌజర్‌కి కట్టేసింది తెలుగు. 2005, 2006 ప్రాంతంలో తెలుగు పత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షరాల కోడ్) లేవు, ఎవరి ఫాంటు వాళ్ళది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే ఆ ఫాంటు దానంతట అదే దిగి అక్షరాలు కనిపించేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పేజీ నిండా పిచ్చిగీతలు. పొద్దున్నే పేపర్ చదవాలంటే ఎక్స్‌ప్లోరర్ తప్ప గతి లేదు. అప్పట్లో దాన్ని వదలనివాళ్ళని బద్ధకస్తులు అంటే నాకు కోపం వచ్చేది.

తర్వాత ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఆ సొంత ఫాంట్ల రాతని అక్కడికక్కడే యూనికోడ్‌గా మార్చేసేది. మొదటిసారి పేజీ తెరిచిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. ముందు పిచ్చిగీతలు వచ్చాయి, రెప్పపాటులో పై హెడ్డింగు నుంచి కింది దాకా విండోస్ తెలుగు ఫాంటు గౌతమి అక్షరాల్లోకి తిరిగిపోయింది. ఒక వార్త కాపీ చేసి మెయిల్‌లో పెడితే అవతలివాళ్ళకీ తెలుగులోనే వెళ్ళింది. ఆ రోజు మారినవాణ్ణి మళ్ళీ వెనక్కి చూడలేదు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57తో పాత ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోయాయి, కానీ అప్పటికి చాలా పత్రికలు యూనికోడ్‌కి వచ్చేశాయి. ఆ ఎక్స్‌టెన్షన్ చేసినవాళ్ళకి తెలుగు చదివే మనం ఋణపడి ఉన్నాం.

అనంతపురం వాణి
మూర్తి గారూ, ఎంత మంచి సంగతి గుర్తు చేశారు! మాకు ఫోన్‌లో ఒపేరా మినీ ఉండేది. చిన్న నోకియా ఫోన్, అందులో తెలుగు ఫాంటే లేదు, అన్నీ డబ్బాలు. హాస్టల్‌లో సీనియర్ అక్క చూపించింది. అడ్రస్ బార్‌లో ఒపేరా:కాన్ఫిగ్ అని కొట్టి, కిందికంటా వెళ్ళి, 'యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' దగ్గర నో తీసేసి యెస్ పెట్టాలి. అప్పుడు తెలుగు అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. కాపీ చేయడానికి కుదరదు, డేటా కాస్త ఎక్కువ తినేది. అయినా దుప్పటి కింద రాత్రి రెండింటిదాకా తెలుగు బ్లాగులు చదివాను. ఆ తర్వాత ఎవరు ఏ కొత్త బ్రౌజర్ చూపించినా, తెలుగు వస్తుందా అనే అడిగేదాన్ని.

ఇప్పుడు నన్ను ఆపేది కూడా తెలుగే. నేను కథలు నోటితో చెప్పి టైప్ చేయించుకుంటాను. గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ క్రోమ్‌లో ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో లేదు. మెడనొప్పితో గంటలకొద్దీ కీబోర్డ్ మీద కూర్చోలేను. నాకు అది లేని బ్రౌజర్ ఎంత మంచిదైనా వద్దు.

టెండర్ రామారావు
తెలుగు సరే, మా సంగతి వినండి. నేను చిన్న కాంట్రాక్టర్‌ని. డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌లాంటి టోకెన్‌లో ఉంటుంది, అది బ్రౌజర్‌తో మాట్లాడాలి. ఒకప్పుడు జావా ప్లగిన్‌తో నడిచేది. 2015 సెప్టెంబర్‌లో క్రోమ్ 45తో ఆ రకం ప్లగిన్లు పోయాయి, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52తో అక్కడా పోయాయి. ఎక్స్‌ప్లోరర్‌ని కూడా 2022 జూన్ 15న ఆపేశారు. మేం బిడ్లు వేసే ఒక పోర్టల్ మాత్రం చాలాకాలం వాటిమీదే నడిచింది.

నా మేనల్లుడు ఇంజనీరింగ్ చదివాడు. "మామయ్యా, ఇంత పాత బ్రౌజరా" అని నాకు చెప్పకుండా అప్‌డేట్ కొట్టేశాడు. ఆ రాత్రి పన్నెండింటికి బిడ్ ఆఖరు. పదకొండున్నరకి టోకెన్ పెట్టాను. దాని దీపం వెలుగుతోంది, పేజీలో మాత్రం సర్టిఫికెట్ల లిస్టు ఖాళీ. తీశాను, పెట్టాను, వేరే పోర్ట్‌లో పెట్టాను. పన్నెండు దాటింది. ఆ పని పోయింది, ఆ సీజన్‌లో ఆరుగురు కూలీలకి నేను పని చూపించలేకపోయాను. అందుకే ఇప్పటికీ ఒక పాత కంప్యూటర్‌కి నెట్ అప్‌డేట్లు ఆపి, గుడ్డ కప్పి ఉంచాను. టెండర్ రోజున తప్ప తెరవను.

సెక్యూరిటీ శ్రీధర్
అప్‌డేట్లు ఆపిన కంప్యూటర్‌లో డిజిటల్ సంతకమా! ఎడ్జ్ బ్రౌజర్‌లో ఐఈ మోడ్ ఉంది, సైటుని పాత ఎక్స్‌ప్లోరర్‌లోలా తెరుస్తుంది, కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పాత సైట్లు అందులో తెరవండి సార్. ఆ పాత మెషిన్ తీసేయండి.

టెండర్ రామారావు
బాబూ, మీరు చెప్పింది చేసి పని పోతే మీరు వచ్చి కట్టిస్తారా? నా పెట్టుబడి, నా రాత్రి. నాకు నడిచేది నడవనివ్వండి.

నెట్‌సెంటర్ బాషా
రామారావు అన్నా, కోపం వద్దు. ఐఈ మోడ్ నేను ఇద్దరికి పెట్టి చూశాను, ఒకరికి పని చేసింది, ఒకరికి టోకెన్ డ్రైవర్ మళ్ళీ వేయాల్సొచ్చింది. టెండర్ లేని రోజు తీరిగ్గా ప్రయత్నించండి. అప్పటిదాకా పాతది ఉండనీండి.

కాకినాడ కిరణ్
నా చివరి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. పెద్దవాళ్ళకి ఏ వరుసలో మార్చాలి?

డల్లాస్ పద్మజ
మా అత్తగారికి ఎదురైంది చెప్తాను. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో యూసీ బ్రౌజర్ ఒకటి. ఆవిడ వాడేది అదే. ఫోన్ షాపు కుర్రాడు క్షణంలో తీసేసి వేరేది పెట్టాడు. అందులో ఆవిడ గుర్తుపెట్టుకున్న పేజీలు, స్తోత్రాలూ పచ్చళ్ళ కొలతలూ, అన్నీ పోయాయి. మళ్ళీ వెతికి ఇస్తానంటే, "ఆ పేజీలో మాగాయకి మెంతిపిండి కొలత వేరుగా ఉండేది" అని ఇప్పటికీ అంటారు. ముందు బుక్‌మార్కులు కాగితం మీద రాయించండి కిరణ్ గారూ.

నెట్‌సెంటర్ బాషా
తమ్ముడూ, ఇలా చెయ్యి. పాతది తీయొద్దు, డీఫాల్ట్ కూడా ముట్టుకోవద్దు. కొత్తదాన్ని మూడో బొమ్మగా పెట్టు. అందులో పేపరూ యూట్యూబూ మాత్రమే ఉంచు, ప్రకటనలు రాకుండా చేసి ఇవ్వు. బ్యాంకు పాతదాంట్లోనే ఉండనీ. ఒక నెల పోయాక, ఆయన పక్కన కూర్చుని, ఆయన చేత్తోనే బ్యాంకులోకి కొత్తదాంట్లో లాగిన్ చేయించు. సేవ్ చేయాలా అని అడుగుతుంది కదా, ఆ బటన్ ఆయనే నొక్కాలి. సీఎస్‌వీ గొడవే ఉండదు. ఫోన్‌లో అయితే ఇంకా తేలిక. ఆండ్రాయిడ్‌లో ఆటోఫిల్‌కి (పాస్‌వర్డ్ దానంతట అదే నింపేది) గూగుల్ పెట్టి ఉంటే, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఆ పాస్‌వర్డ్‌లే నిండుతాయి.

వరంగల్ శ్రీను
బాషా భాయ్, బొమ్మ పేరు మార్చి "గూగుల్" అని పెడితే అయిపోతది గదా?

నెట్‌సెంటర్ బాషా
వద్దు శ్రీనూ. రేపు ఏదైనా తేడా వచ్చి ఆయన ఇంకెవరికైనా ఫోన్ చేస్తే, అవతలివాళ్ళు ఒకటి చెప్తే ఈయన ఇంకొకటి నొక్కుతారు. పెద్దాయనకి అబద్ధం చెప్పి నేర్పకూడదు.

కాకినాడ కిరణ్
బాషా అన్నా, ఇది బాగుంది. శనివారం ఊరికి వెళ్తున్నాను, మూడో బొమ్మ పెట్టి వస్తాను. ఈసారి ముందే ఆయనకి చెప్తాను. పోయినసారి చెప్పకుండా చేయడమే నా తప్పు. విండోస్ 11లో పీడీఎఫ్‌లు ఇంకా వేరే బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నాయి, దాన్ని ఎక్కడ మార్చాలి?

సుజాత_మియాపూర్
సెట్టింగ్స్‌లో యాప్స్, డీఫాల్ట్ యాప్స్, అక్కడ పీడీఎఫ్ అని వెతకండి. 2021లో అయితే హెచ్‌టీఎంఎల్, హెచ్‌టీటీపీ అన్నీ ఒక్కొక్కటే మార్చాల్సొచ్చేది, తర్వాత సంవత్సరం బ్రౌజర్‌కి ఒకే బటన్ ఇచ్చారు. పీడీఎఫ్ మాత్రం విడిగా మార్చుకోవాలి.

శ్రీధర్ గారూ, మీ మీద కోపంతోనే వెళ్ళి చూశాను. రీసైకిల్ బిన్‌లో ఆ ఫైల్ ఉంది. మూడు నెలలుగా ఉంది. మావారి ఆఫీసు పాస్‌వర్డ్ కూడా అందులోనే. ఇప్పుడే ఖాళీ చేశాను.

సెక్యూరిటీ శ్రీధర్
మంచి పని చేశారమ్మా. నేను కూడా కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది. క్లౌడ్ బ్యాకప్ ఉంటే దాని చెత్తబుట్ట వేరు, అక్కడా తీసేయండి. ఆఫీసు పాస్‌వర్డ్ మాత్రం ఈ రాత్రే మార్చమనండి.

సుజాత_మియాపూర్
మారుస్తున్నారు. పక్కనే కూర్చున్నారు.