ఓపియాయిడ్ సెటిల్మెంట్ డబ్బు: కౌంటీల చేతికివ్వాలా, ఒకచోట ఉంచాలా?

మోరిస్‌విల్_మురళి
2025 జూన్‌లో న్యూజెర్సీ వాళ్లు బడ్జెట్ పాస్ చేస్తూ ఓపియాయిడ్ (అలవాటైపోయే నొప్పి మందులు) కేసుల్లో కంపెనీలు కట్టిన సెటిల్మెంట్ నిధిలోంచి 4.5 కోట్ల డాలర్లు తీసి నాలుగు ఆసుపత్రి సంస్థలకిచ్చారు. పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌లో కోతలు రాబోతున్నాయి కాబట్టి ఆసుపత్రుల్ని ఆదుకోవాలన్నారు. అప్పుడు అక్కడి అటార్నీ జనరల్‌గా ఉన్న మ్యాథ్యూ ప్లాట్కినే బహిరంగంగా వ్యతిరేకించారు, అయినా ఆగలేదు.

కొత్తగా చదివేవాళ్లకి: మందుల పంపిణీదారులు మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ కలిసి 18 ఏళ్లలో 2,100 కోట్ల డాలర్ల దాకా, జాన్సన్ అండ్ జాన్సన్ 9 ఏళ్ల లోపు 500 కోట్ల దాకా కట్టేట్టు 2021లో ఒప్పందం కుదిరింది. తర్వాత సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్, టెవా, అలెర్గన్ కూడా వచ్చి చేరాయి. వచ్చిన డబ్బు లోపల ఎలా పంచుకోవాలన్నది ఏ రాష్ట్రానికా రాష్ట్రం రాసుకుంది. మా నార్త్ కరోలినాలో 15 శాతం రాష్ట్రానికి, 85 శాతం స్థానిక ప్రభుత్వాలకి. ఒహాయోలో 55 శాతం వన్‌ఒహాయో అనే ఫౌండేషన్‌కి, 30 స్థానిక ప్రభుత్వాలకి, 15 రాష్ట్రానికి.

నా మట్టుకు నార్త్ కరోలినా పద్ధతే మేలు. డబ్బు వంద కౌంటీల్లో చెదిరి ఉంటే ఒక్క బడ్జెట్ సంతకంతో ఎత్తుకుపోవడం ఎవరి తరమూ కాదు. మీరేమంటారు?

డబ్లిన్_స్వాతి
85 శాతం చికిత్సకే ఖర్చవ్వాలని జాతీయ ఒప్పందంలోనే ఉంది కదా? ఇక ఎత్తుకుపోయేదేముంది?

లెక్కల_రావు
స్వాతి గారూ, ఇక్కడ రెండు 85లు ఉన్నాయండి, వాటికి పొత్తు లేదు. జాతీయ ఒప్పందంలో ఉన్న 85, ఖర్చు దేనికన్న లెక్క: కనీసం అంత భాగం ఓపియాయిడ్ నష్టాన్ని తగ్గించే పనులకే పోవాలి. ఆ పనుల్లో చికిత్స ఒకటి. నివారణ, మోతాదు మించినప్పుడు ప్రాణం కాపాడే నలోక్సోన్ మందు, జైలు కార్యక్రమాలు, శిక్షణ అన్నీ ఆ ఒప్పందానికి జతచేసిన ఎగ్జిబిట్ ఇ జాబితాలో ఉన్నాయి. నార్త్ కరోలినా 85, ఎవరి వాటా అన్న లెక్క. అదీ నిజానికి 80, పైన 5. ఆ 5 కౌంటీలకి ప్రోత్సాహక నిధి, తమ పరిధిలోని పెద్ద నగరాలన్నీ సంతకం పెట్టిన కౌంటీలకు దక్కేది.

కొలంబస్_శ్రీను
మురళి గారూ, చెదిరి ఉండటమే రోగం. మీ వందలో చిన్న కౌంటీలు చాలావాటికి గ్రాంట్లు చూసుకునే మనిషంటూ ఒకరు విడిగా ఉండరు. ఆర్థికాధికారే టెండరు రాయాలి, ఆయనే కాంట్రాక్టు చూడాలి, ఆయనే రిపోర్టు పంపాలి. చిన్న కౌంటీకి ఏటా వచ్చే డబ్బుతో ఒక క్లినిక్ పెట్టలేరు, ఒక డాక్టర్ని పూర్తికాలం పెట్టుకోలేరు. ఒహాయోని 19 ప్రాంతాలుగా విడగొట్టింది అందుకే. నాలుగైదు కౌంటీలు కలిస్తే మత్తు వదిలించే డిటాక్స్ కేంద్రం ఒకటైనా నిలబడుతుంది.

మోరిస్‌విల్_మురళి
కౌంటీలు కలిసి చేసుకోకూడదని మా ఒప్పందంలో ఎక్కడుంది? కలవొచ్చు. మీ ఫౌండేషన్ సంగతి మాత్రం చెప్పరేం? ప్రజల డబ్బు ప్రైవేటు సంస్థ చేతికిచ్చారు. హార్మ్ రిడక్షన్ ఒహాయో అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు రికార్డులడిగితే ఇవ్వలేదు. 2023 మేలో ఒహాయో సుప్రీంకోర్టు, ఇది ప్రభుత్వ కార్యాలయంతో సమానమే, రికార్డులు చూపాల్సిందే అంది. జులైకల్లా బడ్జెట్ బిల్లులో ఒక సవరణ దూర్చి ఆ ఫౌండేషన్‌కి మినహాయింపు ఇచ్చేశారు. రెండు నెలల్లో కోర్టు తీర్పుని నీళ్లలో కలిపారు. దీన్ని పర్యవేక్షణ అంటారా?

కొలంబస్_శ్రీను
ఆ సవరణని నేనూ సమర్థించను. కానీ అది చేసింది శాసనసభ, మీరు నమ్మమంటున్న ఎన్నికైనవాళ్లే.

లెక్కల_రావు
ఎవరి చేతిలో ఉందన్నదాని కంటే కాగితం మీద ఏముందన్నది చూడాలి. నార్త్ కరోలినాలో కౌంటీ ఒక డాలర్ ఖర్చు పెట్టాలన్నా మూడు షరతులున్నాయి. ఈ డబ్బు ప్రత్యేక రెవెన్యూ ఫండ్‌లో విడిగా ఉండాలి, జనరల్ ఫండ్‌లో కలపకూడదు. కమిషనర్ల బోర్డు బహిరంగ సభలో తీర్మానం చేయాలి. ఆ తీర్మానంలో ఇది ఓపియాయిడ్ సెటిల్మెంట్ నిధుల ఖర్చుకి అనుమతి అని, రాష్ట్ర ఒప్పందానికి జతచేసిన ఎగ్జిబిట్ ఎ లేదా బి జాబితాలోని ఏ అంశం కిందో దాని నంబరుతో సహా, ఎంత మొత్తం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఉండాలి.

ఎక్కువగా దెబ్బతినేది ఈ మూడోదాని దగ్గరే. "ఓపియాయిడ్ సంబంధిత కార్యక్రమాలకు 2,50,000 డాలర్లు" అని రాసి పాస్ చేస్తారు. నంబరు లేదు, గడువు లేదు. అలాంటి తీర్మానం చెల్లదు, దాని మీద పెట్టిన ఖర్చుకి ఆడిట్‌లో ఆధారం ఉండదు. మళ్లీ బోర్డు ముందుకి పోవాలి, అప్పటికి జీతాలు ఇచ్చేసి ఉంటారు. ఎగ్జిబిట్ ఎ లో 12 అంశాలే, నేరుగా ఎంచుకోవచ్చు. ఎగ్జిబిట్ బి పెద్ద జాబితా, కానీ దాంట్లోంచి తీసుకోవాలంటే ముందు అందర్నీ కూర్చోబెట్టి ప్రణాళిక తయారుచేసి బోర్డుకి నివేదిక ఇవ్వాలి. ఆ మెట్టు ఎగ్గొట్టి బి లోంచి తీసుకున్నవాళ్లు తర్వాత ఇరుక్కుంటారు.

ఆర్థిక సంవత్సరం జూన్ 30న అయిపోతుంది, 90 రోజుల్లో రిపోర్టు, అంటే సెప్టెంబరు 28. ఆ వివరాలు కోర్-ఎన్సీ డ్యాష్‌బోర్డ్‌లో ఎవరైనా చూడొచ్చు.

నెల్లూరు_రాజా
మా కౌంటీ కమిషనర్ని ఈ డబ్బు సంగతి అడిగితే "పోలీసులకిచ్చాం" అన్నాడు. అంతే. ఇంకేం చెప్పలేదు.

పద్మ_ఫార్మ్‌డి
రాజా గారూ, పోలీసులకివ్వడం దానంతట అదే తప్పు కాదు, దేనికిచ్చారన్నది అడగండి. ఎగ్జిబిట్ ఎ లో పదకొండోది జైల్లో ఉన్నవాళ్లకి వ్యసన చికిత్స. పన్నెండోది విడుదలయ్యాక తోడ్పాటు. ఈ రెండిటికి ఈ డబ్బు ఎందుకంత అవసరమో చూడండి. నార్త్ కరోలినాలో 2023 డిసెంబరు 1 నుంచి మెడికెయిడ్ విస్తరించారు, కాబట్టి బయట ఉన్న చాలామందికి బుప్రెనార్ఫిన్ అనే వ్యసన చికిత్స మందు ఖర్చు మెడికెయిడ్ భరిస్తుంది. అదే మనిషి జైల్లో అడుగుపెట్టగానే, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే తప్ప, సాధారణంగా మెడికెయిడ్ పైసా ఇవ్వదు. ఆ ఖాళీ పూడ్చడానికి ఈ డబ్బు కంటే మంచిది లేదు. జైలు నుంచి బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓపియాయిడ్ మోతాదు మించి చనిపోయే ముప్పు మామూలు జనం కంటే 40 రెట్లని నార్త్ కరోలినా ఖైదీల మీదే చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. లోపల ఉన్నంతకాలం శరీరం అలవాటు తప్పుతుంది, బయటికొచ్చి పాత మోతాదే వేసుకుంటారు.

ఇక చేసేటప్పుడు ఎక్కడ చెడుతుందంటే, మెథడోన్ అనే ఇంకో చికిత్స మందు ఇవ్వాలంటే జైలుకి ఓపియాయిడ్ చికిత్సా కేంద్రంగా ప్రత్యేక అనుమతి ఉండాలి, లేదా అది ఉన్న కేంద్రంతో ఒప్పందం. బుప్రెనార్ఫిన్‌కి ఆ గొడవ లేదు, ఎక్స్-వేవర్ అని డాక్టర్లకి విడిగా కావాల్సిన అనుమతి కూడా తీసేశారు. కానీ నాలుక కింద పెట్టే ఫిల్మ్ కరిగేదాకా ఒక్కో మనిషి దగ్గర పది నిమిషాలు కాపలా ఉండి, నోరు తెరిపించి చూడాలి, లేకపోతే దాచి అమ్ముకుంటారు. సిబ్బంది చాలక కార్యక్రమం ఆగేది ఇక్కడే. నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్‌తో ఆ బెడద ఉండదు, పైగా విడుదలయ్యాక కూడా కొన్ని వారాలు కాపాడుతుంది. ధర ఒక్కోటి వెయ్యి డాలర్లు దాటుతుంది. తీర్మానంలో మందు ఖర్చు వేసి నర్సు గంటలు వేయని కౌంటీలు ఆరు నెలలకే చేతులెత్తేస్తాయి.

మోరిస్‌విల్_మురళి
చూశారా, ఇదంతా కౌంటీ స్థాయిలో జరిగేదే. జైలు కౌంటీది, షెరీఫ్ కౌంటీవాడు. కొలంబస్‌లో కూర్చున్న బోర్డుకి ఏం తెలుస్తుంది?

కొలంబస్_శ్రీను
ఆ ఎగ్జిబిట్ ఎ లో తొమ్మిదో అంశం చదవండి. సిరంజి సర్వీసులు, అంటే మత్తుమందు ఎక్కించుకునేవాళ్లకి శుభ్రమైన సిరంజిలివ్వడం. నార్త్ కరోలినాలో 2016 నుంచి చట్టబద్ధం. మీ కౌంటీల్లో ఎన్ని బోర్డులు దానికి చేతులెత్తుతాయో చెప్పండి. షెరీఫ్ అడిగితే ఐదు నిమిషాల్లో పాసవుతుంది. సిరంజి సర్వీసంటే జనం మైకు పట్టుకుంటారు, అంశం వాయిదా. మీ 85 శాతం మీద ఎన్నిసార్లు చెప్పినా ఇది మారదు.

మోరిస్‌విల్_మురళి
అంటే జనం వద్దన్నదాన్ని వాళ్ల డబ్బుతోనే చేయాలంటారు. ఎన్నికైనవాళ్లంటే మీకంత చులకనైతే సూటిగా చెప్పండి, ప్రాంతాలు, క్లినిక్‌లు అని చుట్టూ తిప్పడం దేనికి?

కొలంబస్_శ్రీను
సూటిగానే చెబుతా. అది వాళ్ల డబ్బు కాదు. పన్నుల్లోంచి వచ్చింది కాదు. చచ్చిపోయినవాళ్ల లెక్క చూపించి కంపెనీల దగ్గర వసూలు చేసింది. ఆ జబ్బుతో ఉన్నవాళ్లలో ఎంతమంది ఓటేస్తారు, ఎంతమంది సోమవారం రాత్రి కౌంటీ మీటింగులో మాట్లాడతారు? మెజారిటీకి ఇష్టమైనదే చేయాలంటే ఈ డబ్బు ఎవరి కోసం వచ్చిందో వాళ్లకి ఎప్పటికీ చేరదు. నాకు 55, 85 పట్టింపు లేదు.

మోరిస్‌విల్_మురళి
ఓటర్లని పక్కనబెడితే వచ్చేది వాళ్ల ప్రతినిధులు కాదు శ్రీను గారూ, నియామకాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మనుషులొస్తారు. 1998 పొగాకు సెటిల్మెంట్‌లో 46 రాష్ట్రాలకి డబ్బొచ్చింది, పొగ మాన్పించడానికి ఎంత పెట్టారు? సింహభాగం మామూలు బడ్జెట్లలో కలిసిపోయింది. అప్పుడు చాలా రాష్ట్రాల్లో కౌంటీలకి విడిగా వాటా లేదు, డబ్బు ఎక్కువగా రాష్ట్ర రాజధానుల్లోనే ఉంది.

లెక్కల_రావు
మీరిద్దరూ మాట్లాడనిది ఒకటుంది. పాత బడ్జెట్ తీసేసి దాని స్థానంలో ఈ డబ్బు పెట్టకూడదన్న సూటి నిషేధం జాతీయ ఒప్పందంలో లేదు. కౌంటీ ఆరోగ్య శాఖ నిరుడు సొంత నిధుల్లోంచి ఇద్దరు కౌన్సెలర్లకి జీతం ఇచ్చింది. ఈ ఏడు ఆ జీతాలు సెటిల్మెంట్ ఫండ్ మీదకి మార్చింది. తీర్మానంలో నంబరుంది, గడువుంది, ఆడిట్ శుభ్రం. అదనంగా ఒక్కరికీ చికిత్స అందలేదు. దీన్ని కౌంటీలోనూ చేయొచ్చు, రాష్ట్రంలోనూ చేయొచ్చు, ఫౌండేషన్ గ్రాంటు తీసుకున్న సంస్థా చేయొచ్చు. న్యూజెర్సీలో జరిగిందీ ఇదే కోవలోకి వస్తుంది.

పట్టుకోవడానికి ఒకటే దారి: ఆ శాఖకి గత మూడేళ్లలో జనరల్ ఫండ్ నుంచి ఎంతిచ్చారో ఆమోదించిన బడ్జెట్ పుస్తకంలో చూసి, ఈ ఏడాదితో పక్కపక్కన పెట్టడం. తగ్గితే అడగాలి. ఇంకోటి, జాన్సన్ అండ్ జాన్సన్ డబ్బు ముందు సంవత్సరాల్లోనే ఎక్కువగా వచ్చింది. ఆ ఏడాది మొత్తం చూసి శాశ్వత ఉద్యోగాలు వేసిన కౌంటీలు తర్వాతి ఏళ్లలో వాటిని నిలబెట్టలేవు. మందులు, వాహనాలు, భవనం మరమ్మతులు పెద్ద విడతలోంచి పెట్టుకుని, జీతాలు ఏటా స్థిరంగా వచ్చే పంపిణీదారుల డబ్బు మీద వేసుకోవాలి.

డబ్లిన్_స్వాతి
రావు గారూ, ఆ బడ్జెట్ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

లెక్కల_రావు
కౌంటీ వెబ్‌సైట్‌లో ఆర్థిక శాఖ పేజీలో పీడీఎఫ్‌గా ఉంటుంది. "ఆరోగ్యం", "ప్రజా భద్రత" రెండు విభాగాలూ చూడండి. జైలు వైద్యం చాలాచోట్ల రెండో దాంట్లో, షెరీఫ్ పద్దు కింద ఉంటుంది.

పద్మ_ఫార్మ్‌డి
శ్రీను గారూ, మురళి గారూ, ఒకటడుగుతా. బోర్డు కౌంటీదైనా ఫౌండేషన్‌దైనా, ఓటు హక్కున్న సభ్యుల్లో వ్యసనం నుంచి కోలుకున్నవాళ్లు కనీసం ఇద్దరుండాలని రాస్తే మీలో ఎవరికి అభ్యంతరం?

మోరిస్‌విల్_మురళి
సలహా కమిటీలో ఉండొచ్చు. ఓటు మాత్రం ఎన్నికైనవాళ్లకే.

కొలంబస్_శ్రీను
ఓటు లేకపోతే వాళ్లని పిలిచి లాభం లేదు.