ఎర్ర చీలా, ఎర్ర మేకా?

పాతఅచ్చు: రష్యన్ చిత్రకారుడు ఎల్ లిసిట్‌స్కీ 1920లో విటెబ్స్క్‌లో ఉండగా వేసిన లిథో (రాతి అచ్చు) పోస్టర్ చూసే ఉంటారు. తెల్ల వృత్తంలోకి దూసుకుపోయే ఎర్ర త్రిభుజం. దాని మీది నాలుగు రష్యన్ మాటలకు ఎప్పుడో చదివిన తెలుగు సగమే గుర్తుంది: "ఎర్ర ...తో తెల్లవాళ్ళను కొట్టు". ఖాళీలో ఉన్నది చీలా, మేకా?

నల్లరాయి: శీర్షిక చూసి మేక బొమ్మేమో అనుకున్నా 😀

కడచీల: చీలే. చీల్చేది కాబట్టి చీల.

అరసున్న: చీల్చడానికీ దానికీ చుట్టరికం లేదండీ. సంస్కృత కీల. కన్నడం కివి మనకు చెవి అయినట్టే, కీల చీలయింది.

నల్లరాయి: ఇరుసు చీల చక్రం ఊడకుండా పట్టి ఉంచుతుంది. పోస్టర్‌లోది పొడిచే పని చేస్తోంది. మేకు నయం.

కడచీల: మేకు గుండ్రంగా ఉండదూ? త్రిభుజం ఎలా అవుతుంది? పంచతంత్రంలో కోతి దూలం నెర్రెలోంచి పీకింది కీలమే కదా.

అరసున్న: అదీ నెర్రె మూసుకోకుండా పట్టి ఉంచేదే!

పాతఅచ్చు: పోనీ, 'తెల్లవాళ్ళు' సంగతి? మన చెవికి దొరలే వినిపిస్తారు. అక్కడ మాత్రం రష్యాలో బొల్షివిక్కులతో, అంటే ఎర్రవాళ్ళతో, అంతర్యుద్ధం చేసిన శ్వేతసేన.

కడచీల: మూలంలో "క్లీనమ్ క్రాస్నిమ్, బేయ్ బేలిఖ్". ఎంత చక్కగా యతి పడిందో!

అరసున్న: క్లీకీ క్రాకీ యతేమిటండీ! హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. అనుప్రాస అనండి. బే-బే మాత్రం ఒప్పుకుంటా.

నల్లరాయి: ఆ అక్షరాలు బొమ్మ చుట్టూ చెల్లాచెదురుగా ఉంటాయి. ఏది పాదమో, ఏది యతిస్థానమో ఎవరు చెప్పాలి? పైగా నేరుగా రాతి మీద గీస్తే అన్నీ తిరగేసి రాయాలి.

కడచీల: పోస్టర్‌లోని 'క్లీనమ్' అంటే 'క్లిన్‌తో'. రష్యన్లకు "క్లిన్‌ని క్లిన్‌తోనే ఊడగొట్టాలి" అని సామెత కూడా ఉంది. మన ముల్లును ముల్లుతో తీయడం లాంటిదే. అంటే ముల్లు పెడితే?

అరసున్న: ముల్లుతో కొడతారా ఎవరైనా! కోతి మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా, పంచతంత్ర కథల చిన్నయసూరి నీతిచంద్రిక ఎవరి దగ్గరైనా ఉందా? అందులో ఆ కోతి కథ ఉన్న మిత్రభేదం భాగం వచనం ముందు ఇవన్నీ దిగదుడుపే.

కడచీల: నాకు విగ్రహం అనే భాగమే ఇష్టం. సూరి చెయ్యి అక్కడ తెలుస్తుంది.

అరసున్న: విగ్రహం సూరిది కాదండీ, వీరేశలింగంది.