నలభై దాటాక జీఈడీ రాయొచ్చా? లెక్కలంటేనే భయం

మల్లెతీగ:
అందరికీ నమస్తే అండి. నేను ఇండియాలో తొమ్మిదో క్లాసుతో ఆపేశాను, పెళ్ళయ్యాక అమెరికా వచ్చి పిల్లలు పెద్దాళ్ళయ్యేదాకా ఇంట్లోనే ఉన్నా. ఇప్పుడు ఎల్పీఎన్ అనే నర్సు కోర్సులో చేరదామని కాలేజీకి ఫోన్ చేస్తే హైస్కూల్ డిప్లొమా అయినా ఉండాలి, దానికి సమానమైన జీఈడీ పరీక్ష అయినా పాసై ఉండాలి అన్నారు. ఇంగ్లీష్ మాట్లాడతాను గానీ రాయడం కష్టం, లెక్కలు ముట్టుకుని పాతికేళ్ళు దాటింది. అన్ని పరీక్షలూ ఒకేసారి రాయాలా, ఒక్కటి పోతే మళ్ళీ మొదట్నించీ రాయాలా? పెద్దయ్యాక రాసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కృష్ణాతీరం:
అక్కా నేను పిల్లాడు స్కూలుకెళ్ళే టైంలో చదివి పాసయ్యాను, మీరూ అవుతారు. ఉన్నవి 4 సబ్జెక్టులు, మ్యాథ్స్, లాంగ్వేజ్ ఆర్ట్స్ (అంటే ఇంగ్లీష్ చదవడం, రాయడం), సైన్స్, సోషల్. ఒక్కోటి విడిగా బుక్ చేసుకుని ఎప్పుడు రెడీ అయితే అప్పుడు రాయొచ్చు, 200కి 145 వస్తే పాస్, ఒకటి పోతే అదొక్కటే మళ్ళీ రాస్తారు, పాసైనవి అలాగే ఉంటాయి. నా మాట విని సోషల్ ముందు పెట్టుకోండి, అది 70 నిమిషాలే, అందులో సగం సివిక్స్, గవర్నమెంటు గురించే, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదివి ఉంటే చాలా తెలిసినట్టే ఉంటుంది. ఒకటి గట్టెక్కితే మిగతా వాటికి ధైర్యం దానంతటదే వస్తుంది.

బల్లపలక:
నేను లైబ్రరీలో వారాంతాల్లో పెద్దవాళ్ళకి లెక్కలు చెప్తుంటాను అమ్మా. మీ భయం నాకు తెలుసు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇదే అంటారు. మొదటి కొన్ని ప్రశ్నలు తప్ప మిగతా అంతా కాలిక్యులేటర్ వాడుకోవచ్చు, అది స్క్రీన్ మీదే ఉంటుంది, ఫార్ములా షీటు కూడా వాళ్ళే ఇస్తారు, బట్టీ పట్టక్కర్లేదు. పేపర్లో సగానికి పైగా ఆల్జీబ్రా ఉంటుంది నిజమే, కానీ భిన్నాలు, శాతాలు, మైనస్ అంకెలు గట్టిగా రాకుండా దాని మీదకి వెళ్ళొద్దు, జనం ఆగిపోయేది అక్కడే. నన్నడిగితే మీకు అసలు కష్టం లెక్కలు కాదు, రైటింగ్. లాంగ్వేజ్ ఆర్ట్స్‌లో 45 నిమిషాల వ్యాసం ఉంటుంది, ఒక విషయం మీద ఇద్దరి వాదనలిచ్చి ఎవరిది బలంగా ఉందో, ఎందుకో రాయమంటారు. మీ సొంత అభిప్రాయం అడగరు, వాళ్ళిచ్చిన దాంట్లోంచే ఆధారాలు చూపించాలి. కంప్యూటర్లోనే టైప్ చెయ్యాలి కాబట్టి ఇప్పట్నించే రోజూ ఒక పేరా టైప్ చెయ్యండి. అడల్ట్ ఎడ్యుకేషన్ క్లాసులు చాలా చోట్ల ఫ్రీ, మీ కౌంటీలో అడగండి.

నీలిసిరా:
ఒక్క మాట, అసలు పరీక్షకి డబ్బు కట్టేముందు జీఈడీ రెడీ అని అఫీషియల్ ప్రాక్టీస్ టెస్టు ఉంది, అది రాయండి. గ్రీన్ వస్తే పాసయ్యే అవకాశం బాగుందని, ఎల్లో, రెడ్ వస్తే ఇంకా చదవాలని. ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో అసలు పరీక్ష రాయాలంటే ఆ గ్రీన్ ముందే ఉండాలి. ఫీజు, రూల్స్ స్టేటుని బట్టి మారతాయి, కొన్ని స్టేట్స్‌లో హైసెట్ అని ఇంకో పరీక్ష కూడా ఉంటుంది. ఇది చదివే మిగతావాళ్ళకి కూడా చెప్తున్నా, ఇండియాలో ఇంటర్ పాసైనవాళ్ళు తొందరపడి దీనికి కట్టకండి, సర్టిఫికెట్ ఎవాల్యుయేషన్ (మన చదువు ఇక్కడ దేనికి సమానమో తేల్చి చెప్పించుకోవడం) చేయిస్తే సరిపోతుందేమో కాలేజీని ముందు అడగండి.

మల్లెతీగ:
అందరికీ చాలా థాంక్స్ అండి. సోషల్‌తోనే మొదలుపెడతా, సిటిజన్‌షిప్ పుస్తకం ఇంకా ఇంట్లోనే ఉంది. బల్లపలక గారూ, వ్యాసం ఒకటి రాసి పెడితే కాస్త చూసి చెప్తారా?

బల్లపలక:
తప్పకుండా పెట్టమ్మా, తప్పులున్నా ఏం పర్లేదు.