ఫంక్షన్ హాల్లో అమెచ్యూర్ ఎంఎంఏ ఫైట్: సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

హన్మకొండ_పిల్లోడు:
అన్నలూ, అక్కలూ, నాకు 23 ఏళ్ళు. రెండున్నరేళ్ళుగా హైదరాబాద్‌లో ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరు) నేర్చుకుంటున్నాను. అంతకుముందు స్కూల్లో కబడ్డీ, కొంచెం కుస్తీ. స్పారింగ్ (సాధన కోసం ఆడే ఫైట్) చాలానే చేశాను, ఫైట్ మాత్రం ఒక్కటీ చేయలేదు. పోయిన వారం వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ వచ్చింది. సిటీ శివార్లలో ఒక ఫంక్షన్ హాల్లో అమెచ్యూర్ ఎంఎంఏ, ఎంట్రీ ఫీజు 1,500. ఫోన్ చేస్తే ఒక పేజీ పీడీఎఫ్ పంపారు. నాకేమైనా అయితే బాధ్యత నాదే, నిర్వాహకులకు సంబంధం లేదు, కింద సంతకం, తండ్రి పేరు, ఆధార్ నంబరు. అంతే. రూల్స్ ఏంటని అడిగితే, టీవీలో వచ్చే అమెరికా ప్రొఫెషనల్ ఎంఎంఏ పోటీల పేరు చెప్పి "యూఎఫ్‌సీ రూల్సే బ్రో" అన్నాడు. ఫీజు కట్టేశాను కానీ సంతకం ఇంకా పెట్టలేదు.

మా కోచ్ "నీ ఇష్టం" అన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఫైట్ చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు ఉంటే ఏమేం చూసుకోవాలో చెప్పండి. భయం లేదు కానీ ఆ పీడీఎఫ్ చూస్తేనే ఏదోలా ఉంది.

బెజవాడ_బద్రి:
ఆధార్ నంబరు అడిగారు కానీ బ్లడ్ గ్రూపు అడగలేదా? సూపర్.

వైజాగ్_రెఫరీ:
"యూఎఫ్‌సీ రూల్సే బ్రో" అన్న దగ్గరే నాకు అనుమానం వచ్చింది తమ్ముడూ. నేను కిక్‌బాక్సింగ్‌లో పదకొండేళ్ళు, ఎంఎంఏలో నాలుగేళ్ళుగా రెఫరీగా నిలబడుతున్నాను. అమెచ్యూర్‌కి, ప్రొఫెషనల్‌కి ఉన్న తేడా తెలియనివాడు పోటీ పెట్టకూడదు.

అంతర్జాతీయ ఎంఎంఏ సమాఖ్య (ఇమ్మాఫ్) అని 2012లో మొదలైంది. అమెచ్యూర్‌కి వాళ్ళ రూల్సే చాలా దేశాల్లో కొలబద్ద. ప్రొఫెషనల్స్‌కి ఐదు నిమిషాల రౌండు అయితే అమెచ్యూర్‌కి మూడు నిమిషాలు, అలా మూడు రౌండ్లు, మధ్యలో ఒక నిమిషం. మోచేతి దెబ్బలు అసలు లేవు. మోకాలితో తలకు కొట్టడం లేదు. హీల్ హుక్ (మడమ పట్టుకుని కాలు మెలిపెట్టే పట్టు) లేదు, వెన్నెముకను మెలిపెట్టే పట్లు లేవు. గ్లోవ్ ప్రొఫెషనల్ వాళ్ళ 4 ఔన్సుల దానికంటే మందంగా ఉంటుంది. కాళ్ళకు షిన్‌గార్డ్, ఒంటికి ఎర్ర లేదా నీలం రంగు బిగుతు చొక్కా, అంటే రాష్‌గార్డ్, నోటికి మౌత్‌గార్డ్, మగవాళ్ళకు గజ్జల రక్షణకు కప్పు.

ఇవన్నీ ఎందుకంటే చెప్తాను. మోచేయి తగిలితే కనుబొమ్మ దగ్గర చర్మం చీరుకుపోతుంది. అమెచ్యూర్ టోర్నీలో కుర్రాడు రేపు కూడా ఆడాలి, కుట్లు వేసుకుని ఎలా ఆడతాడు? హీల్ హుక్ సంగతి ఇంకా దారుణం. ఆర్మ్‌బార్‌లో (చేతిని మోచేయి దగ్గర వెనక్కి విరిచే పట్టు) ముందు నొప్పి వస్తుంది, ట్యాప్ చేయడానికి, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడానికి, టైం ఉంటుంది. హీల్ హుక్‌లో నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంటు పోయి ఉంటుంది. కొత్తవాడు "ఇంకా పర్లేదు" అనుకుంటాడు, అంతలో టప్ మంటుంది. ఆ శబ్దం నేను రెండుసార్లు విన్నాను. మళ్ళీ వినాలని లేదు.

మలక్‌పేట్_మావా:
అన్నా, పైనుంచి నిట్టనిలువుగా కిందికి దించే మోచేతి దెబ్బని ఇప్పుడు ఒప్పుకున్నారు కదా? యూఎఫ్‌సీలో చూశాను.

వైజాగ్_రెఫరీ:
అది ప్రొఫెషనల్ రూల్ తమ్ముడూ. 2024లో మార్చారు, యూఎఫ్‌సీలో ఆ నవంబర్ నుంచి అమలైంది. అమెచ్యూర్‌లో అసలు మోచేయే లేనప్పుడు అది పైనుంచి వస్తే ఏంటి, పక్కనుంచి వస్తే ఏంటి? టీవీ చూసి వచ్చే కుర్రాళ్ళతో నాకు వచ్చే తలనొప్పి ఇదే. రూల్స్ మీటింగ్‌లో వెనక కూర్చుని ఫోన్ చూస్తారు, కేజ్‌లోకి (జాలీ కట్టిన బరిలోకి) వచ్చాక "నాకు తెలీదు సార్" అంటారు.

రూల్స్ మీటింగ్ అంటే గుర్తొచ్చింది. అది పెట్టకపోతే బ్యాగ్ సర్దుకుని ఇంటికి వచ్చేయ్. తల వెనక, వెన్నుపూస మీద కొట్టకూడదు, కంట్లో వేలు పెట్టకూడదు, కేజ్ జాలీ పట్టుకోకూడదు, ఒక్క వేలిని పట్టుకుని విరవకూడదు. గజ్జల్లో దెబ్బ తగిలితే కోలుకోవడానికి ఐదు నిమిషాల వరకు ఇస్తారు. నొప్పికి అరిచినా ట్యాప్ కిందే లెక్క, అక్కడే ఆపేస్తాను. చాలామందికి ఇది తెలియక "నేను ట్యాప్ చేయలేదు" అని గొడవకు వస్తారు. గోళ్ళు కత్తిరించుకుని రావాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు. ఎర్ర మౌత్‌గార్డ్ తేవద్దు, నోట్లో రక్తం వస్తే కనబడదు.

డ్యూటీ_డాక్టర్_గుంటూరు:
నేను ఇలాంటి పోటీలకు కేజ్ పక్కన డాక్టర్‌గా కూర్చున్నవాణ్ణి. బాబూ, నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న "డాక్టర్ ఉన్నాడా" అని కాదు. ఉన్నాడనే చెప్తారు. "అంబులెన్స్ ఎక్కడ ఆగి ఉంటుంది, అది వెళ్ళిపోతే తర్వాతి ఫైట్ ఆపుతారా" అని అడుగు. ఒకసారి ఒక పోటీలో మోచేయి జారిన కుర్రాణ్ణి అంబులెన్స్‌లో పంపాం. వెంటనే మైక్‌లో తర్వాతి ఫైట్ పిలిచారు. నేను లేచి నిలబడి, అంబులెన్స్ తిరిగొచ్చేదాకా ఫైట్ లేదన్నాను. జనం ఈలలు, కేకలు. నిర్వాహకుడు నా చెవి దగ్గరికొచ్చి "సార్, హాలు పది వరకే" అన్నాడు. నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాం. ఆ తర్వాత నన్ను మళ్ళీ పిలవలేదనుకోండి.

ఎందుకంత పట్టుబట్టానంటే, తలలో దెబ్బ ఎప్పుడూ అక్కడికక్కడే కనబడదు. 2016 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఒక పోర్చుగీస్ ఫైటర్ ఓడిపోయాక బాగానే ఉన్నాడు. ఇరవై నిమిషాల తర్వాత ఒంట్లో బాగోలేదన్నాడు. మెదడుకు ఆపరేషన్ చేశారు, రెండు రోజులకు చనిపోయాడు. పుర్రె లోపల రక్తం కొంచెం కొంచెంగా చేరుతున్నప్పుడు మనిషి మాట్లాడతాడు, నవ్వుతాడు, సెల్ఫీ కూడా దిగుతాడు. ఆ తర్వాత వాంతులు, మత్తు, ఒక కంటిపాప పెద్దదవడం. అప్పటికి న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రి అరగంట దూరంలో ఉంటే సరే, రెండు గంటల దూరంలో ఉంటే?

కాబట్టి ఫైట్ అయ్యాక కూడా చూసే డాక్టర్ కావాలి. గెలిచినవాణ్ణి కూడా చూడాలి, మనవాళ్ళు గెలిచినవాణ్ణి వదిలేస్తారు. ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు, మందు తాగొద్దు, రూమ్మేట్‌కి చెప్పి ఉంచు. నాకౌట్ అయితే కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా వద్దు, స్పృహ తప్పితే చాలాచోట్ల 90 రోజుల వరకు పక్కన పెడతారు. ఇక్కడ దాన్ని రాసి ఉంచేవాళ్ళు తక్కువ కాబట్టి, ఈ ఊళ్ళో పడిపోయినవాడు మూడు వారాలకు ఇంకో ఊళ్ళో దిగుతున్నాడు.

పరీక్షల విషయం: హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రిపోర్టులు తప్పనిసరి. ఇద్దరి రక్తం కలిసే ఆట ఇది. నీది ఇవ్వడమే కాదు, ఎదుటివాడిది అడిగారా లేదా చూడు.

హన్మకొండ_పిల్లోడు:
డాక్టర్ గారూ, నాకు కళ్ళజోడు ఉంది, రెండు కళ్ళకీ మైనస్ 5.5. లాసిక్ చేయించుకుంటే ఓకేనా?

డ్యూటీ_డాక్టర్_గుంటూరు:
ఈ మాట ముందే చెప్పాల్సింది. అంత పవర్ ఉంటే రెటీనా పల్చగా ఉండే అవకాశం ఎక్కువ. కంటిపాపకు చుక్కలు వేసి రెటీనా పూర్తిగా చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఫైట్ చేస్తానని స్పష్టంగా చెప్పు. లాసిక్‌లో కార్నియా మీద ఒక పొర కోసి మళ్ళీ మూస్తారు. దెబ్బ తగిలితే ఆ పొర కదిలే ప్రమాదం ఉంది. అందుకే ఫైటర్లకు సాధారణంగా పొర కోయని పీఆర్‌కే మేలంటారు. కానీ ఏ ఆపరేషన్ చేసినా అద్దాలు పోతాయి గానీ రెటీనా మందం కాదు.

నెల్లూరు_ఫ్లైవెయిట్:
ఎవరూ బరువు గురించి మాట్లాడలేదు. నా కథ చెప్తాను, నవ్వొద్దు.

నా మొదటి ఫైట్ 56.7 కిలోల తరగతిలో. నేను మామూలుగా 62 ఉంటాను. యూట్యూబ్ చూసి, ప్లాస్టిక్ సూట్ వేసుకుని మే నెలలో నెల్లూరు ఎండలో పరిగెత్తాను. మే నెలలో! మూడు రోజులు అన్నం లేదు, ఆఖరి రోజు నీళ్ళు కూడా లేవు. బరువు సరిపోయింది. రెండు గంటల తర్వాత ఫైట్. మొదటి రౌండు సగంలో చేతులు పైకి లేవలేదు. ఎదుటివాడు పెద్దగా కొట్టలేదు కూడా, నేనే కూలబడ్డాను. ఆ రాత్రి మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. కిడ్నీలు నిలబడ్డాయి, అదృష్టం.

టీవీలో వాళ్ళు ముందురోజు బరువు చూపించి, ఒక రోజంతా నీళ్ళు, అన్నం ఎక్కించుకుంటారు. అమెచ్యూర్ టోర్నీలో ఆడే రోజు పొద్దున్నే బరువు చూస్తారు. అది ఎందుకో అప్పుడు నాకు తెలీదు. వాళ్ళు కావాలనే అలా పెట్టారు, నీళ్ళు పిండుకుని రావొద్దని. 2015 డిసెంబర్‌లో వన్ ఛాంపియన్‌షిప్ (ఆసియాలో ఎంఎంఏ పోటీలు పెట్టే సంస్థ) ఫైట్ కోసం మనీలా వెళ్ళిన 21 ఏళ్ళ చైనా కుర్రాడు యాంగ్ జియాన్ బింగ్ కేజ్ ఎక్కకుండానే, బరువు తగ్గించుకుంటూనే చనిపోయాడు. ఆ తర్వాత ఆ సంస్థ నీళ్ళు పిండి బరువు తగ్గించడాన్ని నిషేధించి, మూత్రం చిక్కదనం చూసే పరీక్ష పెట్టింది.

ఇప్పుడు నేను 61.2లో ఆడుతున్నాను. ముందురోజు ఇడ్లీ తింటాను.

బెజవాడ_బద్రి:
నవ్వలేదు బాసూ. డికాక్షన్ దగ్గర కాఫీ పక్కన పెట్టేశా.

సాగరతీరం_శిరీష:
అమ్మాయిల తరఫున కొంచెం. నేను మూడు ఫైట్లు చేశాను. అడగాల్సినవి మాకు ఇంకొన్ని ఉన్నాయి: గర్భం లేదని టెస్ట్ రిపోర్టు, చెస్ట్ గార్డ్, బరువు చూసేటప్పుడు వేరే గది, అక్కడ ఆడ అధికారి. ఒక పోటీలో స్టేజీ మీద అందరి ముందూ తూకం పెట్టారు, ఫోన్లన్నీ పైకి లేచాయి. నేను దిగిపోయి, గది చూపిస్తేనే ఎక్కుతానన్నాను. వంటగది ఇచ్చారు. పర్లేదు, తలుపు ఉంది.

ఇంకోటి. బరువు తూకంతోపాటు చర్మం కూడా చూడాలి. తామర ఉన్నవాళ్ళని కేజ్ ఎక్కించకూడదు. నాకు ఒక స్పారింగ్‌లో మెడ మీద అంటుకుంది, పోవడానికి ఆరు వారాలు పట్టింది. జిమ్‌లో మ్యాట్ ఎప్పుడు కడుగుతారని అడిగితే మొహాలు చూసుకున్నారు.

ఖమ్మం_నాన్న:
మా అబ్బాయికి 15 ఏళ్ళు, వాడూ ఈ ఆట అంటున్నాడు, అందుకే చదువుతున్నాను. మీరందరూ చెప్పేది వింటుంటే ఇంత ప్రమాదం ఉన్న ఆట ఎందుకు బాబూ? 2022 జులైలో బెంగళూరులో కిక్‌బాక్సింగ్ పోటీలో మైసూరు కుర్రాడు పడిపోయి చనిపోయిన వార్త నాకు ఇంకా గుర్తుంది. అక్కడ వైద్య సదుపాయాలు లేవని వాళ్ళ నాన్న ఫిర్యాదు చేశాడు, నిర్వాహకుల మీద కేసు కూడా పెట్టారు. కేసు పెడితే కొడుకు వస్తాడా?

వైజాగ్_రెఫరీ:
రాడండీ. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ అబ్బాయి విషయంలో మాత్రం ఒక మాట. చిన్న వయసు గ్రూపుల్లో తలకు కొట్టడమే లేకుండా ఇమ్మాఫ్ వేరే రూల్స్ పెట్టింది. పట్లు, పడగొట్టడాలు నేర్చుకోనివ్వండి. 15 ఏళ్ళవాణ్ణి పెద్దవాళ్ళ రూల్స్‌లో ఎవడైనా దింపుతానంటే మీరు పోలీసు స్టేషన్‌కి వెళ్ళినా తప్పులేదు.

లా_ఫైనలియర్_కర్నూలు:
ఆ పీడీఎఫ్ సంగతి నేను చెప్తా. భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్, పాత ఐపీసీలో 87. పద్దెనిమిదేళ్ళు దాటినవాడు తనకు తగిలే దెబ్బకు ఒప్పుకుంటే, ఆ దెబ్బ కొట్టినవాడిది నేరం కాదు. కొట్టినవాడికి చంపాలని, తీవ్రంగా గాయపరచాలని ఉద్దేశం ఉండకూడదు, అలా జరగొచ్చని తెలిసి కూడా ఉండకూడదు. చట్టంలోనే ఉదాహరణ ఉంది, ఇద్దరు సరదాకు కత్తిసాము ఆడటం. అందులో కీలకం "మోసపు దెబ్బ లేకుండా" అన్న మాట. అంటే ఆ ఒప్పుకోలు నీకూ నీ ప్రత్యర్థికీ మధ్య, రూల్స్ ప్రకారం ఆడినంతవరకే. రూల్సే లేని చోట దేనికి ఒప్పుకున్నట్టు? ఇక అంబులెన్స్ పెట్టని నిర్వాహకుడు "సంతకం పెట్టాడు కదా" అంటే నిర్లక్ష్యం కేసు దానంతట అది మాయం కాదు. కాకపోతే ఖమ్మం బాబాయి గారు అన్నది నిజమే, అదంతా తర్వాతి మాట.

ఫ్రీమాంట్_శీను:
కాలిఫోర్నియాలో అమెచ్యూర్ ఎంఎంఏ చూసుకునే బాధ్యత 2009 నుంచి కామో అనే సంస్థకు రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ అప్పగించింది. లైసెన్సు, రక్త పరీక్షలు, డాక్టర్ సర్టిఫికెట్ లేకుండా లోపలికి రానివ్వరు. నా మొదటి ఫైట్‌కి రిపోర్టు ఒక రోజు లేటయిందని ఆ రోజు ఫైట్ల జాబితా నుంచి తీసేశారు. అప్పుడు తిట్టుకున్నా. ఇక్కడా అంతా సవ్యంగా ఉందనను, కానీ ఎవరిని అడగాలో తెలుసు. అదే తేడా.

తమ్ముడూ, ఎదుటివాడి రికార్డు అడిగావా? నీది సున్నా. వాడిది కూడా సున్నా అని ఎవరు చెప్పారు?

హన్మకొండ_పిల్లోడు:
అప్‌డేట్. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాను. అంబులెన్స్? "పక్క వీధిలో క్లినిక్ ఉంది." రక్త పరీక్షలు? "నీకు కావాలంటే చేయించుకో." ఎదుటివాడు? ఇన్‌స్టా ఇచ్చారు, చూస్తే ఆరు ఫైట్ల వీడియోలు ఉన్నాయి, అందులో రెండు ప్రొఫెషనల్. హీల్ హుక్ ఉందా అని అడిగితే "అదేంటి బ్రో" అన్నాడు. అక్కడితో అయిపోయింది. ఫీజులో 750 తిరిగి ఇచ్చారు, మిగతాది ప్రాసెసింగ్ అట.

కోచ్‌తో కూర్చుని మాట్లాడాను. "నీ ఇష్టం" అంటే "ఇంకా రెడీ కాలేదు" అని అర్థమట, ముందే చెప్పొచ్చు కదా! వచ్చే నెల మా జిమ్, ఇంకో జిమ్ కలిసి లోపలే స్పారింగ్ పెడుతున్నాయి. టిక్కెట్లు లేవు, అమెచ్యూర్ రూల్స్, డాక్టర్ ఉంటాడు, అంబులెన్స్ గేటు దగ్గరే, నేను వెళ్ళి డ్రైవర్‌తో మాట్లాడి వచ్చాను. శనివారం రెటీనా చూపించుకుంటాను, డాక్టర్ సరేనంటేనే దిగుతాను. అమ్మకు చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు, నిన్న ఉప్మా పెట్టింది.

ఒక చిన్న డౌట్. ఎత్తు 5 అడుగుల 8, బరువు 66. షిన్‌గార్డ్ మీడియం తీసుకోనా, లార్జా?

వైజాగ్_రెఫరీ:
మీడియం. పాదం మీదికి వచ్చేది చూడు, గట్టిగా నిలిచే గుడ్డ తొడుగు రకం. బెల్టు బకిల్ ఉన్నది వద్దు, గీసుకుపోతుంది.

నెల్లూరు_ఫ్లైవెయిట్:
66 ఉండి 65.8కి ఆశపడతావేమో, 200 గ్రాములే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే మొదలైంది. 70.3లో దిగు, ఉప్మా తిను.