2జీ ఆఫ్ చేస్తే చాలా, ఫేక్ టవర్‌ని పట్టుకునే యాప్ కూడా కావాలా?

కోనసీమ_కుర్రోడు:
2024లో బ్యాంకాక్‌లో ఒకడు వ్యాన్‌లో ఫేక్ టవర్ పెట్టుకుని తిరుగుతూ చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ మోసం మెసేజ్‌లు కొట్టాడంట, ఎస్‌ఎమ్‌ఎస్ బ్లాస్టర్ అంటున్నారు దాన్ని. ఎవర్నడిగినా 2జీ ఆఫ్ చెయ్ అంటారు. అమ్మమ్మ వాళ్ళూరెళ్తే నా సిమ్‌కి 2జీలో తప్ప కాల్ నిలబడదు, ఆపేసి ఏం చెయ్యను? ఇది దొంగ టవర్ అని చెప్పే యాప్ ఒకటి వేసుకుంటే పోదా?

టవర్_ఎక్కినోడు:
యాప్‌తో అయ్యే పని కాదు బ్రో. 2జీలో టవర్ నువ్వెవడివని ఫోన్‌ని అడుగుతుంది, ఫోన్ మాత్రం టవర్‌ని అడగదు, ఎన్‌క్రిప్షన్ (మాటల్ని వేరేవాడు చదవకుండా వేసే తాళం) వద్దని టవర్ అంటే నోరెత్తకుండా ఒప్పేసుకుంటుంది. ఇద్దరూ ఒకర్నొకరు చెక్ చేసుకోడం 3జీతోనే వచ్చింది. అందుకే ఫేక్ టవర్ పెట్టినోడు నిన్ను 4జీ నుంచి 2జీకి దింపి, మెసేజ్ కొట్టి, కాసేపట్లో వదిలేస్తాడు. మనకి ట్రాయ్ పెట్టిన డీఎల్‌టీ హెడర్లు (కంపెనీలు రిజిస్టర్ చేసుకునే మెసేజ్ పేర్లు), స్పామ్ ఫిల్టర్లు అన్నీ ఆపరేటర్ దగ్గరుంటాయి, ఈ మెసేజ్ అసలు అటు వెళ్తేగా! ఆండ్రాయిడ్ 12 నుంచి 2జీ ఆపే ఆప్షన్ ఉంది (అన్ని ఫోన్లలో రాదు), ఆపినా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. ఊరెళ్ళినప్పుడు ఆన్ చేసుకో.

నీలవేణి_వైజాగ్:
ఎంటెక్‌లో నా ప్రాజెక్ట్ ఇదే కాబట్టి చెప్తున్నా, 2జీ ఆపితే ఒక్క కన్నమే పూడుతుంది. 4జీలో కూడా అథెంటికేషన్‌కి (ఒకర్నొకరు చెక్ చేసుకోడానికి) ముందే ఐఎమ్‌ఎస్‌ఐ, అంటే సిమ్‌కి ఉండే సొంత నంబర్, చెప్పమంటే ఫోన్ చెప్పేస్తుంది, అంటే మెసేజ్ రాకపోయినా నువ్వక్కడ ఉన్నావని వాడికి తెలిసిపోతుంది. 2017లో జర్మనీలో ఓటీపీలు లాగేసి అకౌంట్లు ఊడ్చింది ఎస్‌ఎస్7 (ఆపరేటర్లు ఒకళ్ళతో ఒకళ్ళు కాల్స్, మెసేజ్‌లు మార్చుకునే పాత సిస్టమ్) లోంచి, దానికి ఫేక్ టవరే అక్కర్లేదు. కాబట్టి డిటెక్షన్, అంటే ఫేక్ టవర్‌ని పట్టుకోడం, కావాల్సిందే.

టవర్_ఎక్కినోడు:
కావాలి సరే, ఫోన్లో ఎలా చేస్తావ్? వైజాగ్ నుంచి అరకు రైలెక్కు, ఘాట్‌లో 4జీ పోయి 2జీ వస్తుంది, ఏరియా కోడ్ మారుతుంది, సిగ్నల్ ఉన్నట్టుండి పెరుగుతుంది. నీ డిటెక్షన్ మోడల్‌కి అదంతా ఎటాకే కదా. రోజుకి పదిసార్లు అలారం కొడితే పదకొండోసారి ఎవడు చూస్తాడు?

నీలవేణి_వైజాగ్:
ఫాల్స్ అలారం బాధ నిజమే. కానీ అందరికీ ఒకటే రూల్ పెడితేనే ఆ గోల. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, ఇక్కడ జియో సిమ్‌లో జియో పేరుతో 2జీ సెల్ కనపడిందంటే ఇంక అనుమానం దేనికి?

కోనసీమ_కుర్రోడు:
అయితే ఫేక్ టవర్‌ని పట్టుకునే స్నూప్‌స్నిచ్ యాప్ వేసుకోనా అక్కా?

టవర్_ఎక్కినోడు:
దానికి ఫోన్ రూట్ చెయ్యాలి (కంపెనీ వేసిన లాక్ తీసి ఫోన్ మొత్తం మన చేతిలోకి తెచ్చుకోవాలి), క్వాల్‌కామ్ చిప్ ఉండాలి. మామూలు యాప్‌కి సెల్ ఐడీ, సిగ్నల్ లాంటివే కనిపిస్తాయి, టవర్ ఎన్‌క్రిప్షన్ తీసేసిందా అనేది మోడెమ్‌కే (ఫోన్లో నెట్‌వర్క్‌తో మాట్లాడే చిప్‌కే) తెలుసు. ఆండ్రాయిడ్ 16లో వార్నింగ్ ఇచ్చే ఏర్పాటు చేశారు, అదీ మోడెమ్ సపోర్ట్ చేస్తేనే. రూట్ చేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, అది వేరే గోల.

కీప్యాడ్_బాబాయ్:
మీరంతా స్మార్ట్‌ఫోన్ల గురించే కొట్టుకుంటున్నారు. నా దగ్గరున్నది 2జీ కీప్యాడ్ ఫోను, పెన్షన్ పడ్డ మెసేజ్ దాన్లోకే వస్తుంది. 2జీ ఆపితే అది పెట్టెలో పెట్టుకోడమే, యాప్ అంటారా, వెయ్యడానికి చోటే లేదు. నాకేం చెప్తారబ్బాయ్?

నీలవేణి_వైజాగ్:
బాబాయ్ గారూ, నేను డిటెక్షన్ అంటున్నది మీకోసమే. కాల్‌లో ఉన్నప్పుడు కీప్యాడ్ ఫోన్ కూడా చుట్టుపక్కల టవర్లు ఎలా వినిపిస్తున్నాయో నెట్‌వర్క్‌కి రిపోర్ట్ పంపుతూనే ఉంటుంది. తన లిస్ట్‌లో లేని సెల్ ఆ రిపోర్టుల్లో తగిలితే ఆపరేటర్ పట్టుకోవచ్చు, మీరేం చెయ్యక్కర్లేదు.

టవర్_ఎక్కినోడు:
వాడు పక్క టవర్ నంబరే కాపీ కొడితే?

నీలవేణి_వైజాగ్:
కొట్టనీ. ఆ టవర్ ఉండేది గాజువాకలో అయితే మధురవాడ ఫోన్ల రిపోర్టుల్లో కూడా ఫుల్ సిగ్నల్‌తో కనపడుతుంది. పట్టుకోడానికి డేటా అంతా వాళ్ళ దగ్గరే ఉంది, రోజూ తీసి చూస్తున్నారా లేదా అన్నదే నా ప్రశ్న, ఆ సంగతి మీ ఫీల్డ్ వాళ్ళే చెప్పాలి.